చింతచెట్టుకి కూడా సోర్స్ కావాలా?

సుల్తాన్‌బజార్ పిల్ల:
అందరికీ నమస్తే. బీఏ హిస్టరీ, ఆఖరి సంవత్సరం. 1908 మూసీ వరద మీద ఇంగ్లీషులో వ్యాసం రాశాను. ఇరవైకి పదకొండు వచ్చాయి. ‘ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు’ అన్న వాక్యం కింద మేడమ్ ఎర్రగీత గీసి, ‘ఎవరు చెప్పారు?’ అని రాశారు. హైదరాబాద్‌లో ఆ చెట్టు సంగతి తెలియనివాళ్లు ఉంటారా? అందరికీ తెలిసినదానికి సైటేషన్ (ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పడం) అక్కర్లేదని క్లాసులో చెప్పింది కూడా ఆవిడే! సోమవారం లోపు సరిచేసి ఇస్తే మార్కులు కలుపుతారట. ఏం రాయాలి?

పాత మాస్టారు:
మీ మేడమ్ చెప్పింది సబబే తల్లీ. వరద సెప్టెంబరు 28న వచ్చిందన్నది ఎవరూ కాదనని విషయం, దానికి అక్కర్లేదు. చెట్టు ఉందనడానికీ అక్కర్లేదు, అఫ్జల్‌గంజ్ వెళ్తే కనిపిస్తుంది. 150 అన్నది మాత్రం లెక్క. లెక్క ఉందంటే లెక్కపెట్టినవాడు ఉండాలి. అంత వరదలో కొమ్మల మీద తలలు ఎవరు లెక్కపెట్టారు? అదే ఆవిడ అడిగింది.

ఇరానీ చాయ్:
చెట్టునే అడుగుదాం సార్, ఇంకా బతికే ఉంది.

ల్యాబ్ ఎలుక:
ఇంత టెన్షన్ ఎందుకు చెల్లీ. కాపీ కొట్టడం మీద యూజీసీ పెట్టిన 2018 రూల్స్ ప్రకారం వరసగా 14 మాటల దాకా కామన్ నాలెడ్జ్ కింద వదిలేస్తారు. వాక్యాన్ని 14 మాటల్లోకి కుదించు. సిమిలారిటీ, అంటే వేరేవాళ్ల రాతతో పోలిక, పది శాతం లోపుంటే శిక్షే లేదు. నా థీసిస్ అంతా అలాగే లాగించా.

పాత మాస్టారు:
అది సిమిలారిటీ చూసేటప్పుడు లెక్కలోకి రాకుండా పక్కనపెట్టే కొలత నాయనా. జల్లెడ కన్నం ఎంత ఉండాలో చెప్పారు, అంతే. కన్నంలోంచి జారినదంతా నీ ఇంటి పిండి అయిపోదు. ఆ అమ్మాయిని అడిగింది ‘కాపీ కొట్టావా?’ అని కాదు, ‘నీకెలా తెలుసు?’ అని. ఈ రెండు ప్రశ్నలకీ తేడా తెలియకుండానే థీసిస్ అయిపోయిందా?

ల్యాబ్ ఎలుక:
పర్సనల్ అవసరమా సార్?

మూసీ ఒడ్డు:
మాది నాలుగు తరాల నుంచి అఫ్జల్‌గంజే. మా తాత వాళ్లమ్మ ఆ చెట్టు మీదనే పానం కాపాడుకుంది. ఒళ్లో చంటిపిల్ల. మాకు ఆ ముచ్చట అన్నం ముద్దతో పాటు పెట్టిండ్రు. దీనికి బ్రాకెట్లో పేరు, సంవత్సరం కావాల్నా? ఇంకొకటి, తాత 150 అనలేదు. రెండు వందలు అనేటోడు.

పాత మాస్టారు:
చూశారా! ఒకరికి 150, ఇంకొకరికి 200. అందుకే సోర్స్ కావాలి.

మూసీ ఒడ్డు:
నేను చెప్పిన దాంట్లో మీకు ఆ 200 ఒక్కటే వినబడ్డదా మాస్టారూ?

కోఠి పుస్తకాలు:
అమ్మాయికి పనికొచ్చేది ఎవరూ చెప్పట్లేదు. చూడమ్మా, చెట్టుకి కూతవేటు దూరంలో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. వెళ్లి వరద గురించిన పుస్తకాలు రెండు తీయి. 150 అని ఏ పేజీలో ఉందో చూసుకుని రచయిత, సంవత్సరం, పేజీ వెయ్యి. దొరక్కపోతే ‘నగరంలో చెప్పుకునే మాట’ అని రాసెయ్యి, అదీ నిజమే కదా. ఇంకో జాగ్రత్త. వరద తర్వాత నిజాం పిలిపిస్తే వచ్చిన విశ్వేశ్వరయ్యగారి మాటలు చాలామంది వేరేవాళ్ల వ్యాసంలో చదివి, నేరుగా ఆయన పుస్తకమే చదివినట్టు వ్యాసం చివరి పుస్తకాల జాబితాలో పెడతారు. ఏపీఏ అనే సైటేషన్ పద్ధతిలో అది తప్పు. చదివిన వ్యాసమే జాబితాలోకి ఎక్కాలి, ఆయన మాట ఎవరి ద్వారా తెలిసిందో వాక్యంలోనే చెప్పాలి.

సుల్తాన్‌బజార్ పిల్ల:
అయ్యో, నేను చేసింది అదే.

ల్యాబ్ ఎలుక:
అందరూ చేసేది అదే.

మూసీ ఒడ్డు:
పుస్తకంలో దొరికితే సోర్స్, మా ఇంట్లో దొరికితే ‘చెప్పుకునే మాట’. మంచిగుంది. ఒక సంగతి చెప్త వినుండ్రి. చాలా ఏండ్ల కింద ఒకాయన మా ఇంటికొచ్చి, రెండు పగళ్లు కూర్చొని తాతతో మాట్లాడిండు. టేప్ రికార్డర్ పెట్టిండు. చాయ్ తాగిండు, అన్నం తిన్నడు. తర్వాత వ్యాసం అచ్చయింది. అందులో మా తాత ‘స్థానిక వృద్ధుడొకరు’. ఇప్పుడు ఏ పిల్లగాడైనా ఆ వ్యాసాన్ని కోట్ చేస్తే ఫుల్ మార్కులు. అదే మాట నేను రాస్తే ఎర్రగీత.

పాత మాస్టారు:
పేరు బయటపెట్టకూడదన్న నియమం వల్ల కూడా అలా రాస్తారు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లని కాపాడటానికి.

మూసీ ఒడ్డు:
ఎవరి నుంచి కాపాడిండు? మూసీ నుంచా? పేరు పెట్టాల్నా వద్దా అని ఒక్క మాట అడిగితే కదా. తాత ఆ పుస్తకం తెప్పించుకొని, కండ్లద్దాలు పెట్టుకొని తన పేరు కోసం పేజీలన్నీ తిప్పిండు. నేను పక్కనే ఉన్న.

పాత మాస్టారు:
బాధగానే ఉంది. కానీ అది మర్యాదకి సంబంధించిన విషయం, సైటేషన్‌ది కాదు.

మూసీ ఒడ్డు:
రెండూ ఒకటే!

పాత మాస్టారు:
ఒకటి కాదు బాబూ. ఎందుకు కాదో నాకు తెలుసు. నా ఎం.ఫిల్. తెలుగులో రాశాను. అందులో ఒక అధ్యాయం మొత్తం ఇంగ్లీషులోకి దింపి ఒకరు తమ థీసిస్‌లో పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్‌కి అందలేదు, తెలుగులో ఉన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా పట్టుకుంటుంది? నేను పట్టుకున్నాను. మా గ్రామ పటేలు గురించి నేను చేసిన పొరపాటు కూడా అందులో యథాతథంగా ఉంది కాబట్టి. రెండూ పక్కపక్కన పెట్టి యూనివర్సిటీకి పంపించాను. జవాబు రాలేదనుకోండి, అది వేరే. కానీ నా చేతిలో కాగితం ఉంది, తారీఖు ఉంది. ముప్ఫై ఏళ్లు పిల్లల కాగితాల మీద ఎర్రగీతలు గీసింది ఊరికే కాదు.

మూసీ ఒడ్డు:
మరి మీకు అర్థం కావాలె కదా సార్! మీది పోయింది, మాదీ పోయింది.

పాత మాస్టారు:
నాది పోయిందని నేను రుజువు చేయగలను. మీ తాతగారిది మీరు చేయలేరు. నేను అనేది అంతే.

మూసీ ఒడ్డు:
నేను అనేది కూడా గదే. కాగితం ఉన్నోడి ఇంట్ల పడితేనే దొంగతనం అంటరు. లేనోడి ఇంట్ల పడితే పరిశోధన అంటరు.

ఇరానీ చాయ్:
🔥

కోఠి పుస్తకాలు:
ఇద్దరూ కొంచెం నీళ్లు తాగండి. ఆ అమ్మాయికి సోమవారం గడువు.

సుల్తాన్‌బజార్ పిల్ల:
లైబ్రరీకి రేపు వెళ్తున్నాను. మూసీ ఒడ్డు అన్నా, మీ తాతగారి అమ్మ సంగతి కూడా నా వ్యాసంలో వాడుకోనా? పేరుతోనే రాస్తాను. మీరు ఒప్పుకుంటేనే.

మూసీ ఒడ్డు:
పేరు మెసేజ్‌లో పంపిన. ఇంటిపేరు ముందుంది, ముందే ఉంచు. తిప్పి రాయకు.

పాత మాస్టారు:
తల్లీ, అది వ్యక్తిగత సంభాషణ కిందికి వస్తుంది. ఏపీఏలో చివరి జాబితాలోకి రాదు. వాక్యంలోనే పేరు, తారీఖు వెయ్యి, రోజుతో సహా. ఇంకో మాట. తాతగారు చెప్పారని రాయకూడదు. నువ్వు విన్నది మనవడి దగ్గర. మనవడి పేరే రావాలి.

మూసీ ఒడ్డు:
మళ్లీ మొదలువెట్టిండు.