వీలునామానా, గిఫ్ట్ డీడా? ఓ క్లయింటు ఆస్తి పంపకం మీద మీ అనుభవాలు చెప్పండి

గుంటూరు_ప్లానర్:
నమస్తే అందరికీ. గుంటూరులో ఫైనాన్షియల్ ప్లానర్‌గా పని చేస్తున్నాను. ఒక క్లయింటు విషయంలో మీ అనుభవాలు కావాలి. ఆయనకు 71 ఏళ్లు, రిటైరైన ఇంజినీరు. టౌన్లో 1988లో కొన్న ఇల్లు ఉంది. పొన్నూరు దగ్గర పల్లెలో మూడెకరాల మాగాణి నాన్నగారి నుంచి వచ్చింది. ఎఫ్‌డీలు 60 లక్షల దాకా, మ్యూచువల్ ఫండ్లు 25 లక్షలు. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి హనుమకొండలో ఉంటారు. అమ్మాయికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశారట. అందుకని ఇల్లు, పొలం అబ్బాయికి, ఎఫ్‌డీల్లో కొంత అమ్మాయికి అనుకుంటున్నారు. వీలునామా రాయించాలా, ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేయించాలా? తర్వాత పిల్లలు అమ్ముకుంటే ట్యాక్స్ ఎంత పడుతుంది? అన్నిటికీ నామినీగా అబ్బాయినే పెట్టారు, అది సరిపోతుందా? హెచ్‌యూఎఫ్ (హిందూ అవిభక్త కుటుంబాన్ని పన్నుకు వేరే వ్యక్తిగా చూపడం) పెడితే లాభమా? ఆదివారం వాళ్లింట్లో మీటింగ్ ఉంది.

దస్తావేజు_32ఏళ్లు:
32 ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. నా మాట వినండి, వీలునామా జోలికి పోవద్దు. ఆయన పోయాక అది దొంగ సంతకమనీ, ఆయనకు మతి లేదనీ ఎవరో ఒకరు కోర్టుకెక్కుతారు. గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసి రిజిస్టర్ చేయిస్తే పని అయిపోతుంది. కుటుంబంలో వాళ్లకే కాబట్టి స్టాంపు డ్యూటీ కూడా తక్కువే. మనసు మారితే రద్దు దస్తావేజు రాసుకోవచ్చు.

పెన్నాతీరం:
పైన చెప్పిన ఆఖరి మాట నమ్మి మా అమ్మ ఇల్లు పోగొట్టుకుంది. 2017లో మా అన్నయ్య పేరిట సెటిల్‌మెంట్ రాసింది. రెండేళ్లకే వంటగది వేరు చేశారు, ఆ తర్వాత ఏడాదికి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. రద్దు చేద్దామని వెళ్తే, తీసుకున్నవాడి సంతకం లేకుండా కుదరదన్నారు. ఒకసారి ఇచ్చి, వాళ్లు పుచ్చుకున్నాక గిఫ్ట్ మనిష్టం వచ్చినప్పుడు వెనక్కి రాదండీ. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. చూసుకుంటారన్న షరతు మీద ఇచ్చి ఉంటే, చూసుకోనప్పుడు ఆర్డీవో గారి ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. మా అమ్మ దస్తావేజులో 'ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను' అని మాత్రమే ఉంది, షరతు ఎక్కడా లేదు. రాసినాయన ఆ ఒక్క వాక్యం రాయలేదు.

దస్తావేజు_32ఏళ్లు:
అమ్మా, రాసినవాడు పార్టీ చెప్పిందే రాస్తాడు. అన్ని తప్పులూ మా నెత్తిన వేస్తే ఎలా?

పెన్నాతీరం:
75 ఏళ్ల మనిషికి ఏం అడగాలో తెలియదు కాబట్టే మీ దగ్గరికి వస్తుందండీ.

ఆడిటర్_కాకినాడ:
పన్ను సంగతి నేను చెబుతాను. నేను చెప్పే పన్ను రూల్స్ 1961 ఆదాయపు పన్ను చట్టంవి, 2025-26 వరకు వర్తించేవి. మన దేశంలో వారసత్వ పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. వీలునామా ద్వారా వచ్చినా, వారసత్వంగా వచ్చినా పుచ్చుకున్నవారికి ఆదాయపు పన్ను పడదు. తల్లిదండ్రులు పిల్లలకిచ్చే గిఫ్టుకీ పడదు. పడేదల్లా అమ్మినప్పుడే. అప్పుడు తండ్రి కొన్న ధరే కొడుకు కొన్న ధర అవుతుంది, తండ్రి కొన్న తేదీ నుంచే లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజుకున్న మార్కెట్ విలువ తీసుకోవచ్చు, కానీ అప్పటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు.

ఉదాహరణకు 2001లో ఇంటి విలువ 6 లక్షలు, 2025-26లో 90 లక్షలకు అమ్మారనుకోండి. పాత పద్ధతిలో ధరల పెరుగుదల సూచీ 2001లో 100, ఇప్పుడు 376 కాబట్టి 6 లక్షలు 22.56 లక్షలవుతుంది. లాభం 67.44 లక్షలు, దాని మీద 20 శాతమంటే 13.49 లక్షలు. కొత్త పద్ధతిలో 84 లక్షల మీద 12.5 శాతం, అంటే 10.5 లక్షలు. సెస్ అదనం. 2024 జూలై 23కి ముందు సంపాదించిన ఇల్లు, స్థలాలకు ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది కట్టొచ్చు. కానీ ఆ వెసులుబాటు ఇక్కడ నివసించేవాళ్లకే. డల్లాస్ అబ్బాయికి 12.5 ఒక్కటే.

డల్లాస్‌వాసి:
అబ్బాయి డల్లాస్ అనగానే రాయాలనిపించింది. మా నాన్నగారి ఫ్లాట్ అమ్మినప్పుడు కొన్నాయన మొత్తం ధర మీద టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) పట్టుకున్నారు. అమ్మేవాడు ఎన్నారై అయితే ఇక్కడివాళ్లకున్న ఒక శాతం రూలు వర్తించదు. తక్కువ పట్టుకోమని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర ముందే సర్టిఫికెట్ తీసుకోవాలని నాకెవరూ చెప్పలేదు. రీఫండ్ వచ్చేదాకా ఏడాది పైన తిరిగాను. ఇంకొకటి. అమెరికాలో ఉండి ట్యాక్స్ కట్టేవాళ్లకు ఇండియాలోని తల్లిదండ్రుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి గిఫ్టు గానీ వారసత్వం గానీ వస్తే ఫారం 3520 వేయాలి. పన్ను ఉండదు, తెలియజేయాలంతే. మరిచిపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా పెనాల్టీ. ఆ అబ్బాయికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

ఓరుగల్లు_ఆడపడుచు:
అందరూ ట్యాక్స్ లెక్కలు వేస్తున్నారు. 'అమ్మాయికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశారట' అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదేం? ఏమిచ్చారండీ? ఎవరి చేతికిచ్చారు? నా పెళ్లి 1987లో అయింది. లక్షా పదివేలు కట్నం మా మామగారి చేతిలో పెట్టారు, అందులో ఒక్క రూపాయి నా పేరిట లేదు. 30 ఏళ్ల తర్వాత అన్నదమ్ములు పొలం పంచుకుంటూ, నీకు అప్పుడే ఇచ్చేశాం కదా, సంతకం పెట్టు అన్నారు.

రైతుబిడ్డ_తెనాలి:
అక్కా, ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. 1990లో మా చెల్లెలి పెళ్లికి నాన్న ఎకరం అమ్మాడు. ఆ ఎకరం ఇప్పుడుంటే కోట్లు. మంచాన పడ్డ నాన్నను ఆరేళ్లు చూసింది నేనూ, నా భార్యా. పంట పోయినప్పుడల్లా అప్పు తెచ్చింది నేను. ఇప్పుడు బావ లాయరు నోటీసు పంపించాడు. చట్టం ఉంది సరే, న్యాయం సంగతేంటి?

ఓరుగల్లు_ఆడపడుచు:
తమ్ముడూ, నీ కష్టాన్ని నేను కాదనను. కానీ అమ్మింది పెళ్లి ఖర్చుకా, చెల్లెలి పేరిట పెట్టడానికా? కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచీ నేరం. ఆ నేరాన్నే ఆడపిల్ల వాటాగా రాసేసుకుంటే ఎట్లా? మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని 1986లోనే సవరించారు, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆ రోజుకు పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. నాకా రోజుకు పెళ్లి కాలేదు. ఆ ఒక్క తేదీ పట్టుకుని కోర్టులో తొమ్మిదేళ్లు నిలబడ్డాను. నా వాటా ఎకరం పది గుంటలు తెచ్చుకున్నాను.

దస్తావేజు_32ఏళ్లు:
1985కి ముందు పెళ్లయినవాళ్లకు ఏమీ రాదు. నేను రాసిన పంపకాల దస్తావేజులన్నీ అలాగే రాశాను.

ఓరుగల్లు_ఆడపడుచు:
అయితే చాలామంది ఆడవాళ్లకు అన్యాయం రాశారు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ వచ్చింది. అందులో పెళ్లయిందా లేదా అన్న తేడానే లేదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది, 2005లో ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు, కోర్టు డిక్రీలు మాత్రం కదలవు.

రైతుబిడ్డ_తెనాలి:
చట్టాలు చదివినవాళ్లు ఎన్నైనా చెబుతారు. అన్నదమ్ముల గడప మళ్లీ ఎక్కగలరా మీరు?

ఓరుగల్లు_ఆడపడుచు:
ఎక్కలేదు. ఆరేళ్లయింది. మా అమ్మ పోయినప్పుడు కూడా బయటే నిలబడ్డాను. వాటా అడిగినందుకు ఆ శిక్ష నాకెందుకు పడాలో నువ్వే చెప్పు.

రిటైర్డ్_హెచ్‌ఎం:
ఇద్దరూ శాంతించండి. గుంటూరు_ప్లానర్ గారూ, మీ క్లయింటు భార్య పేరు మీద ఏముందో మీరు అసలు రాయలేదు. ఆమె ఉన్నారా?

ఆడిటర్_కాకినాడ:
ఈ గొడవలో అసలు విషయం తప్పిపోతోంది. నాన్న నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. మీ క్లయింటు నాన్నగారు స్వయంగా సంపాదించుకున్న పొలమై, ఆయన వీలునామా లేకుండా 1956 తర్వాత పోయి ఉంటే, అది కొడుక్కి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 కింద సొంత ఆస్తిగా వస్తుంది. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులోనే ఈ మాట చెప్పింది. అలాంటి పొలాన్ని ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు, హెచ్‌యూఎఫ్ అని చూపించలేరు. అదే తాతముత్తాతల ఉమ్మడి పొలం పంపకంలో వచ్చిందయితే, కూతురికి ఇప్పటికే అందులో హక్కుంది, ఆయన తన వాటా వరకే రాయగలరు. ముందు లింక్ డాక్యుమెంట్లు, అంటే పొలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు తీయించండి, తర్వాతే మాట్లాడుకుందాం.

దస్తావేజు_32ఏళ్లు:
మా దగ్గరికొచ్చే రైతులు ఇవన్నీ చూసుకుంటారా సార్? 1బీ అనే రెవెన్యూ రికార్డులో పేరుంటే చాలంటారు.

కొత్తపేట_కుర్రోడు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా నాన్న పోయిన ఏడాది పోయారు. ఎఫ్‌డీకి నామినీ మా బాబాయి, నా చిన్నప్పుడు పెట్టిందట. బ్యాంకు వాళ్లు ఆయనకే ఇచ్చేశారు. అమ్మకూ నాకూ ఏమీ రాదా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆడిటర్_కాకినాడ:
బాబూ, వస్తుంది. బ్యాంకు ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పడానికే నామినీ. డబ్బు వారసులదే. షేర్ల విషయంలో కూడా 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే 2015 సవరణ తర్వాత డబ్బు వాళ్లదే అవుతుంది. ముందు బాబాయి గారితో కూర్చుని అడగండి, ఇవ్వనంటే లాయరు ద్వారా నోటీసు. మీ నానమ్మగారు ఉన్నారా? ఉంటే అమ్మ, పిల్లలతో పాటు ఆమెకూ సమాన వాటా ఉంటుంది. చనిపోయిన కొడుకు ఆస్తిలో తల్లి మొదటి తరగతి వారసురాలు, ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

కొత్తపేట_కుర్రోడు:
నానమ్మ ఉంది సార్. బాబాయి దగ్గరే ఉంటుంది. ఇప్పుడర్థమైంది ఆయన ధైర్యమేంటో. థ్యాంక్స్ సార్.

పల్నాడు_మేనమామ:
గిఫ్టుల మాటొచ్చింది కాబట్టి నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మా మేనల్లుడు ప్రేమతో నా గుండె ఆపరేషన్ తర్వాత 8 లక్షలు వేశాడు. మామ మేనల్లుడికిస్తే పన్ను లేదు. కానీ మేనల్లుడు మామకిస్తే ఆదాయపు పన్ను చట్టంలో బంధువుల లెక్కలోకి రాడట! 50 వేలు దాటింది కాబట్టి మొత్తం నా ఆదాయంలో కలిపారు. అలాగే కోడలి పేరిట ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ మళ్లీ మామగారి ఆదాయంలోనే కలుస్తుంది. మేజరైన కొడుక్కి ఇస్తే కలవదు. మీ క్లయింటుకి ఇవి చెప్పండి, తెలియక చేస్తారు.

రైతుబిడ్డ_తెనాలి:
పొలం మీద పన్నుందా లేదా అదొక్కటి చెప్పండి ఆడిటర్ గారూ. నాకూ కావాలి.

ఆడిటర్_కాకినాడ:
పల్లె పొలమైతే అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ (అమ్మిన లాభం మీద పన్ను) లేదు. పొన్నూరు లాంటి చిన్న మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, గుంటూరు లాంటి దాని నుంచి 6 కిలోమీటర్లు దాటి ఉండాలి. పది లక్షలకు మించిన జనాభా ఉన్న ఊరైతే 8. తిన్నగా గీత గీసి కొలవాలి, రోడ్డు దూరం కాదు. ఇది కూడా చెప్పాలి, ఎన్నారై వ్యవసాయ భూమి కొనలేడు, గిఫ్టుగానూ తీసుకోలేడు గానీ వారసత్వంగా పొందవచ్చు. అందుకే పొలం విషయంలో డల్లాస్ అబ్బాయికి వీలునామానే మేలు.

రైతుబిడ్డ_తెనాలి:
మాది మున్సిపాలిటీకి 5 కిలోమీటర్లు. ధన్యవాదాలు. ఓరుగల్లు అక్కా, మా చెల్లికి నిన్న ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేస్తాను.

గుంటూరు_ప్లానర్:
ఆదివారం మీటింగ్ అయింది. లింక్ డాక్యుమెంట్లు తీయించాం. పొలంలో ఎకరంన్నర పంపకంలో వచ్చిన ఉమ్మడిది, మిగతాది ఆయన నాన్నగారు సొంతంగా కొన్నది. ఆ ఎకరంన్నరలో అమ్మాయికి హక్కుందని చెప్పగానే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

హెచ్‌ఎం గారూ, మీ ప్రశ్న అడిగాను, అమ్మగారు అక్కడే ఉన్నారు. ఆ ఇల్లు ఆమె పేరుతో ఉంది. 1988లో ఆమె పుట్టింటి బంగారం అమ్మి, ఆమె పేరిట కొన్నారట. ఇన్నేళ్లుగా ఆయన 'నా ఇల్లు' అంటూ వచ్చారు, నేనూ అలాగే రాసుకున్నాను. దాన్ని ఎవరికి ఇవ్వాలో రాయాల్సింది ఆవిడ. అడిగితే, ఇద్దరు పిల్లలకూ చెరిసగం అన్నారు, ఆయన వైపు చూడకుండానే.

కాబట్టి వీలునామాలు రెండు. ఇద్దరివీ విడివిడిగా, రెండూ రిజిస్టర్ చేయిస్తున్నాం. సాక్షుల్లో ఒకరు వాళ్ల ఫ్యామిలీ డాక్టరు గారు, రెండో సాక్షి ఇంకా దొరకలేదు. ఆస్తి పొందేవాళ్లు కాకుండా, ఈ దంపతులకంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిదనుకుంటున్నాను. పక్కింటి లెక్చరర్ గారిని రేపు అడుగుతాం.