మోకాలి మార్పిడి తర్వాత వాకర్ నుంచి కర్రకు మారడం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా అమ్మకి ఈమధ్యే కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. వాకర్‌తో హాల్లో బాగానే నడుస్తోంది కానీ మాది పాత ఇల్లు, ప్రతి గదికీ ఎత్తు గడపే, అక్కడికొచ్చేసరికి వాకర్ ముందు కాళ్లు అవతల, వెనక కాళ్లు ఇవతల పడి ఊగుతుంటే నాకు గుండె జారిపోతోంది. చక్రాలున్న వాకర్ అయితే నయమా, ఇంకా ప్రమాదమా?

కర్రకు మారినప్పుడు ఎడమ చేత్తోనే, అంటే ఆపరేషన్ కాని వైపే పట్టుకోవాలని, మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని ఫిజియోథెరపిస్ట్ నేర్పారు. అమ్మ మాత్రం కర్ర కుడి చేతిలోకే తీసుకుంటోంది. మీ ఇళ్లలో ఎలా అలవాటు చేయించారు? నాలుగు కాళ్ల కర్ర మంచిదా, మామూలుదా?

ఇంకోటి, రాత్రిళ్లు మోకాలి కింద దిండు పెట్టమని బతిమాలుతోంది. అలా పెడితే కాలు పూర్తిగా చాపడం రాదట, పెడితే మడమ కిందే పెట్టాలట. తను పడే బాధ చూడలేకపోతున్నాను. ఐస్ ప్యాక్ గుడ్డలో చుట్టి 20 నిమిషాలు పెడుతున్నాం, పిక్కలో వాపు, జ్వరం అయితే లేవు. కమోడ్ ఎత్తు పెంచే సీటు వాడినవాళ్లుంటే అది కదలకుండా నిలుస్తుందో లేదో కూడా చెప్పండి ప్లీజ్.