అప్‌డేట్: బావగారికి తెరుచుకోని మెయిల్, కారణం దొరికింది

తిరుపతి నుంచి నేను పంపే గుప్తీకరించిన మెయిళ్లు చిత్తూరులో వకీలుగా ఉన్న మా బావగారికి తెరుచుకోవడం లేదని, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఏ సెట్టింగు మార్చాలని పోయిన వారం అడిగాను కదా. సెట్టింగుల తప్పేమీ లేదు. బావగారు కంప్యూటర్ ఫార్మాట్ చేయించి, కొత్త కీల జత (మెయిల్ గుప్తీకరించడానికి ఇతరులకు ఇచ్చే పబ్లిక్ కీ, దాన్ని తెరవడానికి తన దగ్గరే ఉంచుకునే ప్రైవేట్ కీ) తయారు చేసుకున్నారు, నాకు చెప్పకుండా! నేనేమో పాత పబ్లిక్ కీతోనే పంపుతున్నాను. దానికి జోడీ అయిన ప్రైవేట్ కీ డిస్కుతోపాటే చెరిగిపోయింది.

కొత్త పబ్లిక్ కీ మెయిల్‌లో పంపారు. కానీ అది నిజంగా ఆయనదేనని నమ్మేదెలా? ఆదివారం బస్సెక్కి చిత్తూరు వెళ్లాను. కీని గుర్తుపట్టడానికి వాడే ‘ఫింగర్‌ప్రింట్’ అనే కోడ్‌లోని 40 అక్షరాలను ఆయన చదువుతుంటే నేను సరిచూశాను. ‘ఇదేం సహస్రనామం?’ అని అక్క నవ్వింది.

ఇప్పుడు అన్నీ తెరుచుకుంటున్నాయి. థండర్‌బర్డ్ పంపినవారి కీతోనూ గుప్తీకరిస్తుంది కాబట్టి, నా పాత మెయిళ్లు నేను చదవగలిగాను, మళ్లీ పంపాను. ఇతరులు ఆయనకు పంపినవి మాత్రం వాళ్లనే అడగాలి. పాత కీ ఇక చెల్లదని ప్రకటించే రద్దు పత్రాన్ని ఆయన దాచుకోలేదు గనుక, పబ్లిక్ కీలు అందరికీ దొరికేలా ఉంచే కీ సర్వర్‌లో పాత కీ ఇంకా చెల్లుతున్నట్టే కనిపిస్తోంది.

కొత్త ప్రైవేట్ కీ నకలున్న పెన్‌డ్రైవ్ ప్రస్తుతం అక్క బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.