ఫ్రిస్కోలో మనం కట్టే సేల్స్ ట్యాక్స్, కంపెనీలకిచ్చే రాయితీల గురించి ఎవరికైనా తెలుసా?

టెక్సాస్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. ఇండియన్ స్టోర్‌లో బియ్యం, పప్పు మీద పన్ను లేదు కానీ కౌంటర్ దగ్గర వేడి సమోసా తీసుకుంటే 8.25 శాతం పడుతుంది కదా, అందులో 6.25 రాష్ట్రానిది, మిగతా 2 ఊరిది. చుట్టుపక్కల ఊళ్లయిన ప్లేనో, ఇర్వింగ్ వాళ్లు అందులో 1 శాతం డార్ట్ (డాలస్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ) బస్సులకీ రైళ్లకీ ఇస్తారు. ఫ్రిస్కో డార్ట్‌లో లేదు కాబట్టి ఆ 1 శాతాన్ని చెరి సగం చేసి రెండు అభివృద్ధి కార్పొరేషన్లకు ఇస్తోంది, టైప్ ఎ, టైప్ బి అని. ఎ అంటే ముఖ్యంగా పరిశ్రమలు, ఉద్యోగాలు. బి అయితే పార్కులు, స్టేడియంల లాంటివి కూడా. బస్సు లేక కారు తీయని రోజే లేదు, అది వేరే ఏడుపు.

నా డౌట్లు ఇవి. ఈ కార్పొరేషన్లు ఏదైనా కంపెనీకి డబ్బిచ్చేటప్పుడు ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలి, లేకపోతే వెనక్కి కట్టాలి అని ఒప్పందం రాసుకోవాలని చట్టంలోనే ఉంది. ఆ కాగితాలు మామూలు జనం అడిగితే ఇస్తారా? నిజంగా వెనక్కి వసూలు చేసిన సందర్భాలు ఎవరైనా చూశారా? టైప్ బి ప్రాజెక్టులకు బహిరంగ విచారణ పెడతారు కదా, హెచ్1బి మీద ఉన్నవాళ్లు వెళ్లి మాట్లాడొచ్చా? ఓటు లేదు సరే, పన్ను మాత్రం అందరితో సమానంగా కడుతున్నాం. ఇంకోటి, మా ఫ్రెండ్ నలుగురు పనివాళ్లతో చిన్న కేటరింగ్ నడుపుతున్నాడు, అలాంటివాళ్లకు ఇందులోంచి ఏమైనా వస్తుందా, లేక అంతా పెద్దోళ్లకేనా? సొంతంగా అప్లై చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, విన్న మాటలు వద్దు.