వాయుగుండం అవకాశం ‘మధ్యస్థం’ అని ఉంటే ఏమని అర్థం చేసుకోవాలి?

కోనసీమ రైతు:
దక్షిణ అండమాన్ సముద్రంపై ఉపరితల ఆవర్తనం ఉందనీ, నాలుగో రోజుకు అవకాశం ‘మధ్యస్థం’ అనీ భారత వాతావరణ శాఖ బులెటిన్‌లో చూశాను. మరో వెబ్‌సైట్‌లో అదే ప్రాంతానికి ‘92బి’ అని పేరు పెట్టి, అవకాశం ‘తక్కువ’ అంటున్నారు. మాకు వరి కోసి పనల మీద (పొలంలోనే పరచి) ఉంది. వీటిలో దేన్ని నమ్మి కుప్పలు వేయించాలో తెలిసినవారు చెప్పగలరు.

తీరగాలి:
రెండింటికీ వైరుధ్యం లేదు. మన వాతావరణ శాఖ చెప్పే అవకాశం వాయుగుండం ఏర్పడటానికి సంబంధించినదే తప్ప తుపానుకు కాదు. గాలివేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62కు చేరితేనే తుపాను. వాయుగుండం ఏర్పడే అవకాశం 33 శాతం వరకు ఉంటే తక్కువ, అక్కడి నుంచి 67 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ. ‘92బి’ అనేది హవాయిలోని అమెరికా తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే తాత్కాలిక సంఖ్య. 90 నుంచి 99 వరకు వాడి మళ్లీ మొదటికి వస్తారు. ‘బి’ బంగాళాఖాతానికి గుర్తు. ఆ సంఖ్యకూ బలానికీ సంబంధం లేదు. పైగా వారి ‘తక్కువ’ ప్రధానంగా రాబోయే 24 గంటలకే వర్తిస్తుంది, మీరు చూసినదేమో నాలుగో రోజు అంచనా.

ఉపగ్రహ చిత్రం:
సముద్రం వేడిగా ఉంది కాబట్టి బలపడుతుందని చాలామంది రాస్తుంటారు. కావలసింది సుమారు 26.5 డిగ్రీలు, ఈ కాలంలో బంగాళాఖాతంలో అది చాలావరకు ఉండనే ఉంటుంది కనుక దానివల్ల తెలిసేది తక్కువ. నేనైతే కింది గాలికీ ఎత్తులోని గాలికీ ఉన్న తేడాను చూస్తాను. మేఘాలన్నీ ఒక పక్కకు కొట్టుకుపోయి కేంద్రం బయటపడితే అది బలపడటం కష్టం. 2013 నవంబరులో అతి తీవ్ర తుపానుగా ఉన్న లెహర్, మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి వాయుగుండంగా బలహీనపడింది.

బెజవాడ వాసి:
పై మాటలు నిజమే కానీ, పనల మీద వరి ఉన్నవారు చూడవలసింది ఆ శాతం కాదు. 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం సమీపంలో తీరం దాటినది వాయుగుండమే, తుపాను స్థాయికి చేరనే లేదు. అయినా ఆ వానలకు బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. అందుచేత జిల్లాలవారీ వర్ష హెచ్చరిక చూడండి. పనలు ఆరి ఉంటే ఇప్పుడే కుప్ప వేసి టార్పాలిన్ కప్పించండి. ఒకవేళ తడిస్తే గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనలపై పిచికారీ చేయించండి.