అపార్ట్‌మెంట్ తాళం చెవులకు ఎలక్ట్రానిక్ పెట్టె అవసరమా, రిజిస్టరు చాలదా?

కార్యదర్శి, మాగుంట లేఅవుట్, నెల్లూరు

మాది ఐదంతస్తుల భవనం, నలభై ఫ్లాట్లు. అందరికీ పనిపడే తాళం చెవులను వాచ్‌మన్ గదిలో చెక్క బోర్డుకు మేకులు కొట్టి తగిలించాం. లిఫ్టు మోటారు గది, జనరేటర్ గది, పంపు గది, మీటర్ల గది, టెర్రస్ తలుపు, ఫంక్షన్ హాలు, అన్నీ అక్కడే. అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటూ, మొక్కలకు నీళ్లు పోయించండి, అద్దెకు ఎవరైనా వస్తే చూపించండి అని కొందరు యజమానులు ఇచ్చి వెళ్లిన ఫ్లాట్ల చెవులు కూడా ఆ బోర్డు మీదే ఉన్నాయి. పక్కన ఒక రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను.

గత నెల అలా ఊళ్లో లేని ఒకరి ఫ్లాటులో రెండు ఫ్యాన్లు, గీజరు మాయమయ్యాయి. తలుపు చెక్కు చెదరలేదు. రిజిస్టరు తిరగేస్తే ఆ వారమంతా తీసుకున్న వేళ, తిరిగిచ్చిన వేళ ఒకే చేతిరాత, ఒకే సిరా. ఎవరో ఒక సాయంత్రం కూర్చుని వారం మొత్తాన్ని నింపేశారన్నమాట. సంతకం గడిలో చాలాచోట్ల రెండు చిన్న గీతలు, పై పేరే అనుకోమని.

దీంతో ఎలక్ట్రానిక్ పెట్టె కొందామన్నాం. ప్రతి చెవికీ చిప్ ఉన్న బిళ్ల తగిలిస్తారు, ఆ బిళ్ల పెట్టెలోని గాడిలో బిగుసుకుంటుంది. నంబరు కొట్టి గానీ, కార్డు చూపి గానీ, వేలిముద్ర వేసి గానీ తెరిస్తే, మనకు అనుమతి ఉన్న చెవి మాత్రమే ఊడి వస్తుంది. ఎవరు ఎప్పుడు తీశారో, ఎప్పుడు పెట్టారో దానంతట అదే రాసుకుంటుంది. గడువు దాటితే ఫోనుకు సందేశం వస్తుంది. కొటేషన్ చూశాక సగం మంది వద్దంటున్నారు. వచ్చే ఆదివారం సమావేశంలో తేల్చాలి. వాడుతున్నవాళ్లు, వాడి మానేసినవాళ్లు చెప్పండి.

దర్గామిట్ట నివాసి

కొనేయండి. ఫ్లాటుకింత అని పంచుకుంటే వినాయక చవితి చందా కంటే కాస్త ఎక్కువ పడుతుందేమో. ఇంతోటి దానికి చర్చ ఎందుకు?

గ్రానైట్ యూనిట్ సూపర్‌వైజర్, చీమకుర్తి

మా కటింగ్, పాలిషింగ్ యూనిట్‌లో వాడుతున్నాం. ఫోర్క్‌లిఫ్టు, లోడర్లు, డీజిల్ నిల్వ గది, విడిభాగాల గది, వీటి చెవులన్నీ అందులోనే. లైసెన్సు లేనివాడు ఎంత గింజుకున్నా ఫోర్క్‌లిఫ్టు చెవి ఊడదు. రాత్రి షిఫ్టులో సరదాగా బండి తోలేవాళ్ల ఆట కట్టింది. ఇదొక్కటి చాలు మాకు, పెట్టిన డబ్బు వచ్చేసినట్టే.

వేలిముద్రతో మాత్రం నానా తిప్పలు పడ్డాం. రాయి పని చేసే చేతుల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి, రేషన్ దుకాణంలోనే వాటిని యంత్రం గుర్తుపట్టదు. దానికి తోడు రాతి దుమ్ము. వేలు పెట్టే అద్దం మీద తెల్లటి పొర పేరుకుంటుంది. తుడిచిన గంటకే మళ్లీ మామూలే. పొద్దున్నే మనుషులు పెట్టె ముందు వరుసగా నిలబడి వేలు చొక్కాకు రుద్దుకుంటూ, ఒక్కొక్కరూ మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉండేవారు. చివరికి కార్డులకు మారాం. మీ వాచ్‌మన్ తోటపని, ట్యాంకులు కడగడం కూడా చేసే మనిషైతే వేలిముద్ర పెట్టె జోలికి పోకండి.

విశ్రాంత బ్యాంకు అధికారి, ఒంగోలు

నేను వద్దంటాను. బ్యాంకులో నగదు గది ఒక్కరి చేతి మీదుగా తెరుచుకోదు. రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. ఎన్నికల తర్వాత ఓటింగ్ యంత్రాలు పెట్టే గదికీ ఇదే పద్ధతి, రెండు తాళాల చెవులు వేర్వేరు అధికారుల దగ్గర ఉంటాయి. ఒకడు తప్పు చేయాలంటే రెండోవాడు కూడా కలవాలి. ఈ పని రిజిస్టరుతోనే దశాబ్దాలుగా సాగింది. మీ రిజిస్టరు చెడలేదు, దాన్ని చూసే రెండో మనిషి లేడు.

లాకర్ల సంగతి కూడా చెబుతాను. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చి, 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం లాకరు తెరిచిన రోజే ఖాతాదారుడికి సందేశం వెళ్లాలి. సిబ్బంది మోసం చేస్తే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు వంద రెట్లు ఉంటుంది. సందేశం వెళ్లేది మేనేజరుకు కాదు, సొత్తు ఎవరిదో వారికి. మీరు కొనబోయే పెట్టె సందేశం ఎవరికి పంపుతుంది? కార్యదర్శికే అయితే ఆ అమెరికా ఆయనకు ఒరిగేదేమీ లేదు.

కావలి కుర్రాడు

అందరూ పెట్టె గురించి మాట్లాడుతున్నారు. పెట్టె పక్కన కూర్చునే మనిషి గురించి నేను మాట్లాడతాను. మా నాన్న నెల్లూరులోనే ఒక అపార్ట్‌మెంట్‌లో చాలాకాలం వాచ్‌మన్‌గా చేశారు. పేరు చెప్పను.

అక్కడ చెవి కోసం కిందికి దిగి వచ్చినవారు తక్కువ. 'టెర్రస్ తీసి పెట్టు, వడియాలు ఎండబెట్టాలి' అని ఇంటర్‌కామ్‌లో ఒక మాట. 'మా ఫ్లాటుకు ప్లంబరు వచ్చాడు, పంపు గది చెవి వాడికివ్వు' అని ఇంకో మాట. రాయమంటే, 'నీకు తెలుసు కదా, నువ్వే రాసుకో' అనేవారు. ఒకే చేతిరాత ఎందుకుందని కార్యదర్శి గారు ఆశ్చర్యపోతున్నారు. ఆ చేతిరాత ఎవరిదో నాకు ఊహకు అందుతుంది, అలా ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా.

ఇప్పుడు యంత్రం పెట్టారనుకోండి. ఇంటర్‌కామ్ ఆగుతుందా? నాలుగో అంతస్తు ఆవిడ కిందికి దిగి నంబరు కొట్టి చెవి తీసుకుంటారా? వాచ్‌మన్ తన కార్డుతోనే తీసి పైకి పట్టుకెళ్తాడు. రోజుకు పాతికసార్లు చెవులు తీసినట్టు అతని పేరే నమోదవుతుంది. రిజిస్టరులో కనీసం ఖాళీ గడి ఉండేది, ఎవరూ సంతకం పెట్టలేదని చూపించుకోవడానికి. యంత్రం కాగితంలో ఖాళీ ఉండదు, ప్రతి వరుసలోనూ అతనే. రేపు ఏదైనా పోతే పోలీసులకు అది చాలు. యంత్రం అబద్ధం చెబుతుందా అంటారు. చెప్పదు. నిజంలో సగమే చెబుతుంది.

తాళాలు, కెమెరాల వ్యాపారి, ట్రంకు రోడ్డు, నెల్లూరు

నేను ఇవి అమ్మేవాడిని, ఆ సంగతి ముందే చెబుతున్నా. కావలి తమ్ముడి మాటకు నా దగ్గర జవాబు లేదు, అది యంత్రం లోపం కాదు గనుక. తక్కినవాటికి చెబుతాను.

బ్యాంకు సార్ అడిగిన ఇద్దరి పద్ధతి చాలా పెట్టెల్లో ఉంది. కొన్ని చెవులకు ఇద్దరు వరుసగా తమ నంబర్లు కొడితేనే గాడి వదులుతుంది. సందేశం ఫలానా ఫ్లాటు యజమానికే వెళ్లేలా పెట్టుకోవచ్చా అన్నది కొనేముందు ఎదుట చేయించి చూడండి, మాట మీద నమ్మకండి. చెవిని, బిళ్లను కలిపేది ఉక్కు తీగ. దాన్ని తెంపితే గానీ చెవి విడిపడదు.

ఒక సంగతి మా వ్యాపారంలో ఎవరూ ముందుగా చెప్పరు. పెట్టెకు తెలిసేది బిళ్ల ఆచూకీ మాత్రమే. చెవి బయట ఉన్న అరగంటలో దానికి నకలు చేయిస్తే పెట్టెకు తెలియదు. మా వీధిలోనే ఐదు నిమిషాల్లో నకలు కోసి ఇస్తారు, ఎవరిదని అడగరు కూడా. ఆ ఫ్యాన్లు పోయిన ఫ్లాటుకు ముందు తాళం మార్చారా? మార్చకపోతే పెట్టె కొని ఏం లాభం? కార్డు చూపితే తప్ప నకలు కోయని రకం తాళాలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ.

వేదాయపాళెం గృహిణి

నాదొక చిన్న సందేహం. జనరేటర్ గది చెవి కూడా ఆ కరెంటు పెట్టెలోనే పెడతారా? కరెంటు పోయినప్పుడే కదా దానితో పని!

2015 నవంబరు వానలకు నెల్లూరు ఎలా మునిగిందో మరిచిపోయారా? లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే మోటారు గది చెవి కోసం నంబరు గుర్తు తెచ్చుకుంటూ నిలబడాలా?

తాళాలు, కెమెరాల వ్యాపారి

లోపల బ్యాటరీ ఉంటుంది అమ్మా, కరెంటు పోయినా కొన్ని గంటలు నడుస్తుంది. అదీ పడిపోతే మామూలు తాళం చెవితో తెరిచే ఏర్పాటు ఉంటుంది. అయితే మీరన్నది నిజం. బ్యాటరీ పాతబడిందని మనవాళ్లకు గుర్తొచ్చేది అది పనిచేయనప్పుడే. అత్యవసరమైన చెవులను అద్దం పగలగొట్టి తీసుకునే చిన్న ఎర్ర పెట్టెలో విడిగా ఉంచడమే మంచిది. అద్దం పగిలిందంటే ఎవరో తీశారని అందరికీ తెలుస్తుంది, దానికి కంప్యూటర్ అక్కర్లేదు.

విశ్రాంత స్టేషన్ మాస్టరు

సింగిల్ లైన్ల మీద ఉద్యోగం చేసినవాడిని. రైల్వేలో నీల్ బాల్ టోకెన్ యంత్రాలని ఉండేవి. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, మధ్య విద్యుత్ సంబంధం. అవతలి మాస్టరు సహకరిస్తేనే నా యంత్రం నుంచి లోహపు బంతి బయటికి వస్తుంది. అది డ్రైవరు చేతికిస్తేనే రైలు కదలాలి. ఆ బంతి రెండింటిలో ఏదో ఒక యంత్రంలో పడేవరకు రెండో బంతి రాదు. అందుకే ఆ పట్టాల మీదికి రెండో రైలుకు అనుమతి పుట్టదు. ఎవరు తీశారన్నది రిజిస్టరులో రాసేవాళ్లమే, కానీ ప్రమాదం ఆగింది రాత వల్ల కాదు.

లెవెల్ క్రాసింగ్ గేటుకూ ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. గేటు మూసి తాళం వేస్తేనే చెవి చేతికొస్తుంది, ఆ చెవి యంత్రంలో పెడితేనే సిగ్నల్ ఇవ్వగలరు.

మీ పెట్టె తప్పు జరిగాక పేరు చెబుతుంది. జరగకుండా ఎంత ఆపుతుందో అడగండి. ఒక చెవి తిరిగి పెట్టేదాకా అదే మనిషికి రెండోది ఇవ్వకూడదు. రాత్రి పదయ్యాక ఖాళీ ఫ్లాట్ల చెవులు ఎవరికీ ఊడకూడదు. ఈ రెండూ చేయగలిగితే కొనండి. రాసుకోవడమే దాని పని అయితే, దాని బదులు సంతకం పెట్టించే కఠినమైన మనిషిని పెట్టుకోండి.

స్టోన్‌హౌస్‌పేట వ్యాపారి

ఇంత గొడవ దేనికి? చెవులన్నీ కవర్లో పెట్టి, లక్కసీలు వేసి, అధ్యక్షుడి బీరువాలో పడేయండి. పూర్వం అలాగే చేసేవారు.

విశ్రాంత బ్యాంకు అధికారి

పూరీలో ఏమైందో చూశారు కదా. జగన్నాథుడి రత్నభాండారం లోపలి గది చెవులు లేవని 2018లో బయటపడింది. తర్వాత నకలు చెవుల కవరు దొరికిందన్నారు. 2024 జూలైలో తీరా తెరవబోతే ఆ చెవులకు తాళాలు లొంగలేదు, పగలగొట్టాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి ఎవరూ తీసి చూడకపోతే కవరులో ఉన్నది సరైన చెవో కాదో ఎవరికి తెలుస్తుంది? ఈ ఒక్క విషయంలో పెట్టె వైపు మాట్లాడతాను. ఏ గాడి ఖాళీగా ఉందో అది రోజూ చూపిస్తుంది.

స్టేషన్ మాస్టరు గారు అడిగిన రెండు పనులూ అది చేస్తుందని చూపిస్తే, వద్దన్న నా మాట సగం వెనక్కి తీసుకుంటాను.

న్యాయవాది, ఒంగోలు

ఒక్క ముక్క. పనిమనుషులు, డ్రైవర్ల వేలిముద్రలు కూడా తీసుకుంటారేమో, జాగ్రత్త. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పకుండా, సమ్మతి లేకుండా తీసుకుని ఎవరి కంప్యూటర్‌లోనో దాచడం సంఘానికి మంచిది కాదు. కార్డుతో పని జరిగేచోట వేలు ఎందుకు?

కార్యదర్శి, మాగుంట లేఅవుట్

అందరికీ ధన్యవాదాలు. ఆ ఫ్లాటు తాళం మార్చలేదు, వ్యాపారి గారు అడిగాకే ఆ ఆలోచన వచ్చింది. రేపు మార్పిస్తున్నాం.

సమావేశంలో పెట్టబోయేది ఇది. జనరేటర్, లిఫ్టు చెవులు అద్దం పెట్టెలోకి. ఖాళీ ఫ్లాట్ల చెవులకు ఇద్దరి నంబర్లు, యజమానికి సందేశం. అది ఇష్టం లేనివారు తమ చెవి తాము తీసుకెళ్లిపోవచ్చు. వేలిముద్ర వద్దు. ప్రతి ఫ్లాటుకూ సొంత కార్డు, వాచ్‌మన్ కార్డుకు పంపు గది, మీటర్ల గది తప్ప ఏదీ ఊడదు. అంటే ఇంటర్‌కామ్‌లో ఎవరు ఎంత గట్టిగా అరిచినా అతను తేలేడు.

కావలి కుర్రాడు

ఆ చివరి మాట తీర్మానంలో రాయించి, లిఫ్టు పక్కన అతికించండి సార్. లేకపోతే మొదటి వారంలోనే ఎవరో ఒకరు తమ కార్డు అతని చేతికిచ్చి 'నీ దగ్గరే ఉంచుకో' అంటారు.

వేదాయపాళెం గృహిణి

అన్నీ బాగానే ఉన్నాయి. బ్యాటరీ పడిపోతే పెట్టెను తెరిచే ఆ మామూలు చెవి ఎవరి దగ్గర ఉంటుంది?

కార్యదర్శి, మాగుంట లేఅవుట్

కోశాధికారి దగ్గర ఉంచుదామనుకున్నాం. ఆయన నెలలో సగం రోజులు చెన్నైలో కూతురి దగ్గరే ఉంటారని ఇప్పుడే మా ఆవిడ గుర్తుచేసింది. అది కూడా ఆదివారమే తేలుస్తాం.