944 ఎస్2 కొనాలా, వీ8 ఎక్కించిన ఆర్‌ఎక్స్-7 కొనాలా?

రెండోగేరు:

నమస్తే అందరికీ. మూడు వారాలుగా ఇదే టెన్షన్. ఇంట్లోవాళ్లు విని విని విసిగిపోయారు, ఇక మీరే ఏదో ఒకటి తేల్చండి.

రెండు బండ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి 1990 పోర్షే 944 ఎస్2. మూడు లీటర్లు, నాలుగు సిలిండర్లు, ఐదు గేర్లు, అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. రెండోది 1989 మాజ్దా ఆర్‌ఎక్స్-7, ఎఫ్‌సీ మోడల్. దాని రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు తిరిగే రోటర్లుండేది) ఎప్పుడో పోయింది. ఇప్పటి ఓనరు ఆ చోట షెవ్రొలే కమారో నుంచి తీసిన 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 అనే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌ని, దాని ఆరు గేర్ల బాక్స్‌నీ కూర్చోబెట్టించాడు. కొత్తలో ఈ రెండు బండ్లూ ఒకదానికొకటి పోటీ కదా, ఇప్పుడు నా దగ్గరా పోటీయే. ఇద్దరూ చెప్పే ధర దాదాపు ఒకటే.

రెండూ నడిపి చూశాను. 944 మొదటి పది నిమిషాలు ‘ఇంతేనా’ అనిపించింది. పదకొండో నిమిషంలో ఒక పొడవాటి మలుపు వచ్చింది. బండి మొత్తం ఒకేసారి తిరిగింది, ముక్కు ముందు పోయి తోక తర్వాత రావడం లాంటిది లేదు. ఆర్‌ఎక్స్-7లో ఆలోచించే టైమే లేదు. రెండో గేరులో సగం తొక్కేసరికి వెనక చక్రాలు జారాయి, నేను గట్టిగా నవ్వేశాను. కాగితం మీద 211 హార్స్‌పవర్‌కీ 305కీ తేడా ఎంతో, సీటు మీద అంతకు రెట్టింపు అనిపించింది.

ఒక్క విషయం మాత్రం కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆర్‌ఎక్స్-7ని అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు కదల్లేదు. అడిగితే, ‘గేజ్ కనెక్ట్ చేయలేదండీ, ఇంజిన్‌కి ఏమీ కాదు’ అన్నాడు.

నేను మెకానిక్‌ని కాదు. ఆయిల్ మార్చుకుంటాను, బ్రేక్ ప్యాడ్లు వేసుకుంటాను, అంతే. రోజూ తిరగడానికి వేరే బండి ఉంది. ఇది ఆదివారం పొద్దున రెండు గంటలు నడుపుకోవడానికి.

తుప్పుపురాణం:

రోటరీ తీసేశాక అది ఆర్‌ఎక్స్-7 ఎలా అవుతుందండీ? 1991లో మాజ్దా లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది రోటరీతోనే. 944 తీసుకోండి. ఇందులో అడగడానికి ఏముందో నాకర్థం కాలేదు.

గ్రీజుచేతులు:

పైన పెద్దాయన కోపం అర్థం చేసుకోదగ్గదే గానీ, కొనేవాడికి ఉపయోగపడదు. నేను సరిగ్గా ఇలాంటి బండినే, ఎఫ్‌సీలో ఎల్‌ఎస్1, నాలుగేళ్లు ఉంచుకుని అమ్మేశాను. అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

వీ8 పెడితే ముక్కు బరువెక్కి బండి చెడిపోతుందని చాలామంది అంటారు. నమ్మకండి. ఎల్‌ఎస్1 బ్లాకూ, హెడ్లూ అల్యూమినియం. వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక్కటే, అదీ బ్లాకు లోపల. అందుకే లీటర్లు ఎక్కువైనా ఇంజిన్ సైజు చిన్నది. బరువు కొంత పెరుగుతుంది, బండి తీరు మాత్రం పాడవదు. నాలుగేళ్లలో ఆ ఇంజిన్ ఒక్కసారి కూడా నన్ను ఏడిపించలేదు. ఏడిపించినవన్నీ దాని చుట్టూ ఉన్నవే.

మొదటి ఎండాకాలం ట్రాఫిక్‌లో క్లచ్ పెడల్ తొక్కితే కింద అతుక్కుపోయింది, పైకి రాలేదు. కాలి బొటనవేలితో పైకి లాగుతూ ఇంటికి చేరాను. విషయం ఏంటంటే, ఎగ్జాస్ట్ హెడర్‌కీ (ఇంజిన్ నుంచి పొగ పోయే వేడి గొట్టం) క్లచ్ ఫ్లూయిడ్ పైపుకీ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు. ఫ్లూయిడ్ మరిగిపోయింది. ఆ తర్వాత ఒక రాత్రి ఊరి బయట బండి ఆగిపోయింది. పాత పంపు కోసం వేసిన సన్నటి వైరునే కొత్త పెద్ద ఫ్యూయల్ పంపుకి తగిలించారు, కనెక్టర్ కరిగిపోయి ఉంది. బిగించిన వర్క్‌షాప్‌వాళ్లు మంచివాళ్లే, వెల్డింగ్ చూస్తే ముచ్చటేసేది. కానీ ఇంజిన్ స్టార్ట్ అయిన రోజునే పని అయిపోయిందనుకున్నారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఇప్పుడు మీ గేజ్ సంగతి. దానికి కావలసింది ఒక సెన్సర్, ఒక వైరు. ఇంజిన్ మొత్తం మార్పించినవాడు అది వదిలేశాడంటే, కంటికి కనబడనివి ఇంకెన్ని వదిలేశాడో చూడాలి. టార్చి పట్టుకుని మళ్లీ వెళ్లండి. ఈ ఇంజిన్ హెడ్ల పైన మూలల్లో ఆవిరి పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. ముందువైపు గొట్టం రేడియేటర్‌కో, కూలెంట్ ట్యాంకుకో కలవాలి. వెనకవి మూసి ఉంటే కంగారుపడకండి, తర్వాతి ఎల్‌ఎస్ ఇంజిన్లలో కంపెనీయే మూసేసింది. ముందుది కూడా మూసేస్తేనే గొడవ. హెడ్‌లో ఆవిరి బుడగ నిలిచిపోతుంది, సెన్సర్ దగ్గర వేడి మామూలుగానే చూపిస్తుంది, లోపల మాత్రం ఒక మూల కాలిపోతుంటుంది.

వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ టర్బో మోడల్‌దా, మామూలు మోడల్‌దా అని కూడా అడగండి. మామూలుది చిన్నది, వీ8 టార్క్‌కి ఎన్నాళ్లో నిలవదు. బండి కాగితాల్లో ఇంజిన్ నంబరు మార్పించారా, ఇన్సూరెన్స్‌కి చెప్పారా, ఇవి కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, నోట్‌బుక్ ఉందా అని అడగండి. ఏ హోస్ ఏ బండిది, ఏ బెల్ట్ ఎంత పొడవు, ఏ ఫ్యూజు దేనికి. అది లేకపోతే చిన్న రబ్బరు గొట్టం పగిలినా కౌంటర్ దగ్గర నిలబడి ‘ఏ బండికి?’ అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. నేను అమ్మినప్పుడు నా నోట్‌బుక్ 60 పేజీలు. కొన్నవాడు బండికన్నా ముందు దాన్నే తీసుకుని చదివాడు, అప్పుడే నమ్మకం కుదిరింది నాకు వాడిమీద.

బెల్టుభయం:

అన్న చెప్పినదంతా నిజమే. కానీ అది చదివి 944 వైపు కళ్లు మూసుకుని పరిగెత్తకండి. దాని టైమింగ్ బెల్ట్ (క్యామ్‌లను తిప్పే రబ్బరు పట్టీ) తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ అక్కడికక్కడే అయిపోతుంది. కిలోమీటర్లు తిరగకపోయినా బెల్ట్‌కి వయసు వస్తుంది. ‘బండి ఎక్కువ తిరగలేదండీ’ అన్నది మంచి మాట కాదు, నాలుగేళ్లు దాటితే మార్చాల్సిందే. పక్కనే బ్యాలెన్స్ షాఫ్టులకు ఇంకో బెల్ట్ ఉంటుంది. ఇంత పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్ వణక్కుండా ఉండేది ఇంజిన్‌కి రెట్టింపు వేగంతో తిరిగే ఆ రెండు షాఫ్టుల వల్లే. దానికి పోర్షే అంతటి కంపెనీ మిత్సుబిషి పేటెంట్‌కి డబ్బు కట్టింది, నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.

ఎస్2లో రెండు క్యామ్‌ల మధ్య ఒక చైను, దాని కింద ప్లాస్టిక్ ప్యాడ్లు ఉంటాయి. అవి విరిగితే క్యామ్ పళ్లు పోతాయి, కవర్ విప్పించి చూడండి. గేర్‌బాక్స్ వెనకాల ఉంది కాబట్టే మీరన్న ఆ మలుపు అంత బాగుంది, అదే కారణంగా క్లచ్ మార్చాలంటే సగం బండి దించాలి. ఓడోమీటర్ అంకెలు నమ్మకండి, లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగి ఆగిపోవడం మామూలే. డీఎంఈ రిలే (ఇంజిన్ కంప్యూటర్‌కీ ఫ్యూయల్ పంపుకీ కరెంటిచ్చే చిన్న స్విచ్చు) ఒకటి కొని గ్లవ్‌బాక్స్‌లో పడేయండి, ఏదో ఒక రోజు నన్ను తలుచుకుంటారు.

అయినా తేడా ఒకటుంది. ఈ జబ్బులన్నీ అందరికీ తెలిసినవి, మందూ తెలుసు.

రెండోగేరు:

శనివారం టార్చి పట్టుకుని వెళ్లాను. ముందువైపు ఆవిరి గొట్టం దగ్గర బోల్టు బిగించి ఉంది. చూపిస్తే ఓనరు నిజంగానే ఆశ్చర్యపోయాడు, పాపం ఆయనకూ తెలియదు. డిఫరెన్షియల్ ఏదో తెలియదు. నోట్‌బుక్ అడిగితే, ‘అన్నీ మా మెకానిక్ తలలో ఉన్నాయండీ’ అన్నాడు. ఆ మెకానిక్ ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నాడట.

944 బెల్ట్ బిల్లు ఆరేళ్ల నాటిది. చైను ప్యాడ్లు గోధుమరంగులోకి తిరిగాయి గానీ విరగలేదు. బెల్టులు, ప్యాడ్ల ఖర్చు ధరలో తగ్గించడానికి ఒప్పుకున్నారు, అడ్వాన్సు ఇచ్చేశాను. కొత్త బెల్టులు పడేదాకా స్టార్ట్ కూడా చేయను, ట్రక్కు మీదే తెప్పిస్తున్నాను.

తుప్పుపురాణం గారూ, ఒప్పేసుకుంటున్నా: వచ్చేసే ముందు ఆ వీ8ని ఇంకోసారి స్టార్ట్ చేయమని అడిగి, అయిదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను.

గ్రీజుచేతులు:

నేనైతే పది నిమిషాలు నిలబడేవాణ్ణి. ట్రక్కు ఎక్కించేటప్పుడు ముందు బంపర్ అంచు కింద చెక్కలు పెట్టించండి, వాళ్లు తొందరపెడతారు, వినకండి.